అనుమానం మాస్టారు, రెండు నిమ్మకాయలు

మాస్టారు పోయారని మా పాత ఫ్యాక్టరీ ఆపరేటరు ఫోన్ చేసి చెప్పినప్పుడు నా నోటినుంచి వచ్చిన మొదటి మాట "ఎవరు చెప్పారు?" అని. రెండోది "నువ్వు కళ్ళారా చూశావా?" అని. మూడోది "ఎన్నింటికి?" అని.

అవతల ఆపరేటరుకి ఒళ్ళు మండింది. వినుకొండ మనిషి, మాట కాస్త గట్టి. "ఒరేయ్, నీ అనుమానం తగలెయ్య! వాళ్ళింటి వసారాలో నిలబడి మాట్లాడుతున్నా. పొద్దున తొమ్మిదింటికి పోయారు. ఇంకేం కావాలి నీకు? శాంపిలు పట్టుకురమ్మంటావా?"

పాఠకులు నన్ను రాతిగుండెవాడని తీర్మానించకముందే ఒక మనవి. ఆ మూడు ప్రశ్నలూ నావి కావు, పోయిన మనిషివే. గేట్లోకి లారీ వచ్చినా, ఊళ్ళో ఎవరికో పెళ్ళి కుదిరినా, క్యాంటీనులో ఉప్మా బాగుందన్నా ఆయన అవే అడిగేవారు: ఎవరు చెప్పారు, నువ్వు చూశావా, ఎప్పుడు. ఆయన దగ్గర రెండేళ్ళు పనిచేసినవాడికి ఆ జబ్బు అంటుకోకుండా ఉండదు. అంచేత ఆయన చావు కబురుని కూడా ఆయన పద్ధతిలోనే పరీక్షకి పెట్టాను. కబురు పాసయింది. ఫోను పెట్టేసి ఏడ్చాను.

ఆఖరిమాట ఏమిటని తర్వాత మాస్టారి భార్యని, అమ్మగారిని, అడిగాను. పొద్దున టీ గ్లాసు చేతికి తీసుకుని, వెలుతురుకేసి ఎత్తి చూసి, "పాలు పలచగా ఉన్నాయి" అన్నారట. అంతే, గుండె ఆగింది. ఆ పాలు నిజంగానే పలచనివట. మాస్టారు తప్పుడు రిపోర్టు ఇచ్చి పోయే మనిషి కాదు.

గుంటూరు నుంచి ప్రత్తిపాడు వెళ్ళే దారిలో పత్తి జిన్నింగు మిల్లులు దాటాక ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో పీవీసీ పైపులు తయారయ్యేవి. బోరు నుంచి చేలోకి నీళ్ళు తీసుకెళ్ళే బూడిదరంగు పైపులు. కెమిస్ట్రీలో డిగ్రీ పుచ్చుకుని, ఆ పట్టా వేడి చల్లారకముందే నేను అక్కడ ల్యాబులో చేరాను. ల్యాబు అంటే గొప్పగా ఊహించుకోకండి. ఒక తక్కెడ, ఒక బకెట్టు, పైనుంచి ఇనపగుండు జారవిడిచే నిలువు గొట్టం ఒకటి, వీటికి కాపలాగా మాస్టారు. నిజానికి ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. చిన్నప్పట్నుంచీ పైపుల ఫ్యాక్టరీల్లోనే పెరిగి పెద్దయ్యారు. అయినా అందరూ మాస్టారనే పిలిచేవాళ్ళు, ఎందుకంటే ఆయన ఎదురుగా నిలబడితే ఎవడికైనా హోంవర్కు చెయ్యలేదన్న భయం పుట్టేది.

చేరిన రోజు నా సర్టిఫికెట్టుని కిటికీ వెలుతురుకి అడ్డంపెట్టి చూశారు. వేలితో మీటి చప్పుడు విన్నారు. వాసన కూడా చూసినట్టు నాకు గుర్తు, కానీ ఆ సంగతి మీద ప్రమాణం చెయ్యలేను.

"ఫస్టు క్లాసు అని రాసుంది," అన్నారు.

"అవునండి."

"కాగితం మీద." ఒక పైపుముక్క నా చేతిలో పెట్టారు. "ఇందులో ఏముందో చెప్పు."

ఛాతీ విరుచుకుని మొదలుపెట్టాను. "పాలిమరండి. అంటే ఒకే రకం ముక్కలు వేలకొద్దీ వరసగా అతుక్కుని పొడుగాటి గొలుసులై..."

"ఇంకా?"

"అంతేనండి."

"అంతే అయితే మీ నాన్న కొనలేడు. ఇందులో రాయుంది." నా మొహం చూసి కాస్త దిగొచ్చారు. "మీ ఊళ్ళో గోడ పెట్టేటప్పుడు మట్టిలో పొట్టు తొక్కుతారా లేదా? ఉత్త మట్టితో పెడితే బీటలిస్తుంది, పొట్టు ఎక్కువైతే రాలిపోద్ది. ఇక్కడా అదే సంగతి. ప్లాస్టిక్కులో మెత్తటి సుద్దపొడి కలుపుతాం. సరిపడా కలిస్తే గట్టిబడుద్ది, రేటూ తగ్గుద్ది. మోతాదు దాటిందా, అప్పడం. పొడి గరుకైనా అంతే, గింజగింజ దగ్గరా ఒక పగులు కాచుక్కూచుంటది. అర్థమైందా, డిగ్రీ?"

ఆ రోజునుంచీ నా పేరు డిగ్రీ. అందులో మెప్పెంతో వెక్కిరింపెంతో రెండేళ్ళపాటు తక్కెడ వేసినా తేల్చలేకపోయాను.

ల్యాబు గోడకి ఒక మేకు, దానికి వేలాడే ప్లాస్టిక్కు పట్టీ, పట్టీ చివర ఒక ఇటుక. ప్రతి సోమవారం పట్టీ ఎంత సాగిందో చూసి పెన్సిలుతో గోడమీద గీత గీసేవారు. నా కంటికి ఏ వారమూ తేడా ఉండేది కాదు. ఆర్నెల్ల తర్వాత మొదటి గీతకీ ఆఖరి గీతకీ మధ్య బెత్తెడు ఎడముంది. "ఇవాళ మోసింది గదా అని రేపు మోస్తదని రాసివ్వబాక," అనేవారు. ఇంకోసారి ఒక పైపుముక్కని వేడిచేసి వంచి, చల్లార్చి, నా చేత మరిగే నీళ్ళలో వేయించారు. అది నెమ్మదిగా, వెనక్కి నడుస్తున్న పాములాగా, తిన్నగా అయిపోయింది. "దీనికి జ్ఞాపకం ఉంటది. పుట్టినప్పటి వాటం మర్చిపోదు. మర్చిపోయేది మనమే," అన్నారు. ఇలాంటివి చెప్పేటప్పుడు కూడా మొహంలో నవ్వుండేది కాదు. మనిషికి నవ్వు పోతపొయ్యడం మర్చిపోయారేమోనని ఆపరేటరూ నేనూ అనుకునేవాళ్ళం.

గురువుగారు అందర్నీ అనుమానిస్తుంటే శిష్యుడు ఊరికే ఉంటాడా? నేను ఆయన్ని అనుమానించడం మొదలుపెట్టాను. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఆయన నమాజుకి బయల్దేరేటప్పుడు చేతిలో ఒక గుడ్డసంచి ఉండేది. అందులో ఏవో టకటకలాడేవి. ఒకసారి సంచి మూతినుంచి పైపుముక్క కొస కనిపించింది. ఊరందరినీ దొంగల్లా చూసే మనిషి తానే గేటు దాటిస్తున్నారన్నమాట! ముక్కలే కదా అంటారేమో. మొదట ముక్కలే. ఆ తర్వాత పైపులు. నాకు సాక్ష్యం చాలకపోయినా ఉత్సాహం చాలా ఉంది.

ఇక నిమ్మకాయల వ్యవహారం. పొడి బస్తాల లారీ వచ్చిన ప్రతిసారీ మాస్టారు జేబులోంచి నిమ్మకాయ తీసి, కోసి, ఏదో ఒక బస్తా విప్పి, గుప్పెడు పొడి తీసి దానిమీద పిండేవారు. వంగి చూసేవారు. తర్వాత లారీని లోపలికి రానిచ్చేవారు. మన దగ్గర కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు కదా. ఫ్యాక్టరీ గుమ్మానికి కూడా నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ దండకట్టి వేలాడుతూనే ఉండేవి. ఇదీ ఆ బాపతేనని నేను కనిపెట్టేశాను. తాను ముస్లిమైనా లారీకి దిష్టి తీస్తున్నారంటే ఎంత విశాలహృదయమో అని మనసులో దణ్ణం పెట్టుకున్నాను. నేను మాత్రం సైన్సు చదివినవాణ్ణి. అలాంటి మూఢనమ్మకాల గురించి ఒకర్ని అడగడం నాకు నామోషీ.

మే నెలలో ఆయన కంటిశుక్లానికి ఆపరేషనుకి వెళ్ళారు. వెళ్తూ తాళాలు నా చేతిలో పెట్టారు. ఆ తాళాలు అంతకుముందు ఓనరుగారి చేతికైనా ఇచ్చినట్టు ఎవరూ చూడలేదు.

"నాలుగు రోజులు నాకు కళ్ళుండవు. నీవి వాడు. గుండు పరీక్షకి ఐసు చెప్పాను, వస్తది. ముక్కల్ని గంటసేపు ఐసులో ఉంచాకే కొట్టు. మే నెల ఎండలో ప్రతి పైపూ వీరుడే. చల్లగా ఉన్నప్పుడు దెబ్బ తట్టుకుంటేనే పైపు. డ్రాయర్లో రెండు నిమ్మకాయలు పెట్టాను. లారీ వస్తే చూసుకో."

"అలాగేనండి."

లారీ వచ్చింది. చీమకుర్తి వైపునుంచి వచ్చిన కొత్త సప్లయరు లారీ. రేటు తక్కువని ఓనరుగారు మాట్లాడుకున్నారట. బస్తాలమీద సుద్దపొడి అనే ముద్ర ఉంది. పొడి తెల్లగా, ముచ్చటగా ఉంది. ఐసు కూడా వచ్చింది, గోనెపట్టాలో చుట్టుకుని, చుక్కలు కారుతూ. షెడ్డు రేకులు పెనంలా కాలుతున్నాయి. ఆపరేటరు తువ్వాలుతో విసురుకుంటూ ఐసు వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

"ఏరా డిగ్రీ, ఆ నిమ్మకాయలు దేనికి?"

"లారీకి దిష్టి."

"లారీకేంట్రా దిష్టి, దాని మొహం. దిష్టి తగిలింది మనకి. నాలుక చూడు ఎట్లా పీక్కుపోయిందో."

పాఠకులారా, బడ్డీకొట్టు గోలీసోడా, మాస్టారి రెండు నిమ్మకాయలు, గుండు పరీక్ష ఐసు, కాస్త ఉప్పు. షెడ్డులో ఉన్న నలుగురం తాగాం. నా జీవితంలో అంత రుచైన సోడా తాగలేదు. ఇకముందు కూడా తాగను.

మధ్యాహ్నం ఆ పొడితో చేసిన పైపు ముక్కలు తీసుకొచ్చి పరీక్ష చేశాను. గాలిలో తూచాను, నీళ్ళలో ముంచి తూచాను, లెక్కకట్టాను. సరిపోయింది. ఇనపగుండు జారవిడిచాను. ఎండకి వెచ్చబడి ఉన్న ముక్కలు ఒక్కటీ పగల్లేదు. రిజిస్టరులో నా గుండ్రటి అక్షరాలతో "ఐసులో గంటసేపు ఉంచి పరీక్షించడమైనది" అని రాశాను. సాయంత్రం ఆపరేటరు వచ్చి, "మిషను పళ్ళు నూరుతున్నట్టుందిరా, కొత్త చప్పుడు," అన్నాడు. గ్రీజు వెయ్యమన్నాను. ఫస్టు క్లాసువాణ్ణి కదా.

అయిదోరోజు మాస్టారు వచ్చారు, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని. రిజిస్టరు ముందు పెట్టాను. మూడు ప్రశ్నల కోసం సిద్ధంగా నిలబడ్డాను. అబద్ధాలు కూడా వరసగా పేర్చి పెట్టుకున్నాను.

"నువ్వే చేశావా?"

"నేనేనండి."

సంతకం పెట్టారు. అంతే.

ఉప్మాని నమ్మని మనిషి కాగితాన్ని నమ్మడమేమిటి? నాకు ఊపిరి తిరిగింది, వెంటనే అనుమానం పుట్టింది. కొత్త సప్లయరు, తక్కువ రేటు, ప్రశ్నలు అడగని మాస్టారు, నల్లకళ్ళద్దాలు! "ఈయన్నీ ఎవరో కొనేశారేమో," అని ఆపరేటరు చెవిలో వేశాను. వాడు నమ్మలేదు. నేను నమ్మాను. తప్పు చేసినవాడికి ఎదుటివాడి తప్పు ఎంత స్పష్టంగా కనపడుతుందో అప్పట్లో నాకు తెలియదు.

ఆ బ్యాచ్ పైపులే ప్రత్తిపాడులో మా మిరపచేలో పడ్డాయి. నేనే దగ్గరుండి నాన్న చేత కొనిపించాను. "మా ఫ్యాక్టరీ సరుకు, నేనే పరీక్ష చేశా" అని వీధంతా వినబడేలా చెప్పాను కూడా. బోరునుంచి చేను చివరిదాకా గట్టు వెంబడి వేశాం. కాళ్ళకింద నల్లరేగడి, అయిదెకరాల మిరప. రెండేళ్ళుగా పురుగు తినేసిన చేను అది. ఈసారి పూత విరగబూసింది. ఆ పూత నిలబడితేనే మా ఇల్లు నిలబడేది.

డిసెంబరులో, మంచు పట్టిన ఒక పొద్దున, మోటారు వెయ్యగానే పైపు టప్పున పేలింది. మర్నాడు ఇంకో మూడు చోట్ల. అతుకు వేసిన చోట కాకుండా పక్కన పగిలేది. ఎవరి కాలో తగిలినా పగిలేది. నాలుగోరోజుకి చేను సగానికి నీళ్ళు లేవు, పూత రాలడం మొదలైంది. నాన్న ఫ్యాక్టరీకి ఫోన్ చేసి నామీద అరిచిన అరుపులకి అసలు ఫోనే అక్కర్లేదు.

"ఒరేయ్ ఇంజినీరూ! పైపులా అవి, జంతికలా? ఎవడ్రా పాస్ చేసింది? వాణ్ణి తీసుకురా, మొహం చూస్తా!"

ఫోను పక్కనే ఉన్న మాస్టారికి అంతా వినబడింది. ల్యాబులోకి వెళ్ళి తలుపేసుకున్నారు. పావుగంటకి గుడ్డసంచి పట్టుకుని బయటికొచ్చి, "పద," అన్నారు. బస్సెక్కి మా ఊరు వెళ్ళాం.

చేలో ఆయన ముందు మొక్కల్ని చూశారు, తర్వాత పైపుని. పగిలిన అంచుమీద వేలు నడిపారు. చిన్న పెచ్చు పంటికింద వేసుకుని కొరికి ఉమ్మేశారు. పత్తికట్టె పోగేసి మంట పెట్టమన్నారు. అప్పటికి చుట్టుపక్కల చేలవాళ్ళు ఒక పదిమంది చేరారు. సంచిలోంచి ఒక ఇనప గరిటె తీసి, పైపు పెచ్చులు వేసి మంటలో పెట్టారు. గొంతులో గుచ్చుకునే పొగ లేచింది. పొగ వచ్చేవైపు మమ్మల్ని నిలబడనివ్వలేదు. చాలాసేపటికి అడుగున బూడిద మిగిలింది. పాత బ్యాచ్ పైపుముక్క కూడా ఒకటి తెచ్చారు, దాన్నీ అలాగే కాల్చారు.

ఆ తర్వాత చేతిగడియారం విప్పారు. పాతకాలపు గడియారం, అసలు గాజు అద్దం. పాత పైపు బూడిద చిటికెడు తీసి అద్దంమీద పెట్టి బొటనవేలితో రుద్దారు. తుడిచారు. అద్దం నున్నగా ఉంది. మా పైపు బూడిద పెట్టి రుద్దారు.

కర్రుమంది. దూరంగా నిలబడ్డ మా అమ్మకి కూడా పళ్ళు జివ్వుమన్నాయట. తుడిచి చూపించారు. అద్దం నిండా గీతలు.

"సుద్ద గాజుని గియ్యదు. ఇది గ్రానైటు. రాళ్ళు కోసేచోట వచ్చే పొడి ఎండబెట్టి బస్తాలకెత్తారు. బరువు సుద్దంతే ఉంటది, తక్కెడకి దొరకదు. కానీ గరుకు. చలికి ప్లాస్టిక్కు బిగుసుకున్నప్పుడు ప్రతి గింజా ఒక పగులు."

అందరూ నా వైపు చూశారు. వీధంతా వినబడేలా చెప్పినవాణ్ణి నేనే కదా. అప్పుడు నేను చేసిన పని రాయడానికి ఇవాళ కూడా చెయ్యి వెనక్కి లాగుతోంది.

"రిపోర్టు మీద సంతకం ఎవరిదో కూడా అడుగు, నాన్నా," అన్నాను.

నాన్న మాస్టారి వైపు తిరిగాడు. గొంతు తగ్గింది గానీ మంట తగ్గలేదు. "మీదేనా మాస్టారుగారూ?"

"నాదేనండి."

"చూడకుండా పెట్టారా?"

"చూడకుండానే పెట్టాను. ఇన్నేళ్ళలో అదొక్కటే." నా వైపు చూడలేదు. గరిటె దులిపి సంచిలో పెట్టుకుంటూ అడిగారు, "మీ ఊళ్ళో సైకిలు షాపులు ఎన్ని?"

మధ్యాహ్నానికల్లా ప్రత్తిపాడులో ఉన్న పాత సైకిలు ట్యూబులన్నీ మా చేలో ఉన్నాయి. వాటిని రిబ్బన్లుగా కోసి, సాగదీసి, పగుళ్ళమీద పొరమీద పొర చుట్టి ముడెయ్యాలి. రబ్బరు వెనక్కి వెళ్ళాలని లాగుతుంది, ఆ లాగుడే పగులుని మూసి పట్టుకుంటుంది. సాయంత్రానికి మా పైపు ఒళ్ళంతా కట్లతో ఆసుపత్రి మంచంమీది మనిషిలా ఉంది. మోటారు నెమ్మదిగా తిప్పారు. నాలుగు రోజులుగా ఎండిన చేను చివర్న నీళ్ళు పడ్డాయి.

ఆఖరి కట్టు దగ్గర మేమిద్దరమే ఉన్నాం. ట్యూబు ఒక కొస ఆయన చేతిలో, ఇంకో కొస నా చేతిలో.

"మాస్టారూ, ఐసులో పెట్టలేదండి."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసిందండి?"

"పొద్దున రిజిస్టరు తీశాను. ఐసు తీసిన చేత్తో రాస్తే సిరా చెదురుద్ది. నా పేజీలన్నీ ముడతలు. నీ పేజీ పెళ్ళి శుభలేఖలాగుంది."

"మరి ఆరోజు సంతకం ఎందుకు పెట్టారండి? మీరు ఎవర్నీ నమ్మరు కదా."

ట్యూబు ఇంకాస్త లాగి చుట్టు బిగించారు. "ఆరోజు కళ్ళు మసక. కళ్ళు లేనప్పుడు మనిషిని నమ్మాలి. ఎవర్ని నమ్మాలా అని ఆలోచిస్తే నువ్వు కనపడ్డావు." మళ్ళీ అడిగారు, "సరే, ఐసు సంగతి వొదిలెయ్. నిమ్మకాయలేం చేశావ్?"

"అవి లారీకి దిష్టి తియ్యడానికనుకున్నానండి."

చేతులాగిపోయాయి. "దిష్టికా?"

"అవునండి."

"నేనా? లారీకా?"

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. రెండేళ్ళలో మొదటిసారి. నవ్వీ నవ్వీ పట్టు జారి ట్యూబు కొస ఎగిరొచ్చి నా చెవిమీద చెళ్ళున తగిలింది. కళ్ళు తుడుచుకుంటూ, "ఫస్టు క్లాసూ, సుద్దమీద పులుపు పడితే ఏమవుద్ది?" అన్నారు.

"నురుగొస్తుందండి." తొమ్మిదో తరగతి పాఠం. నోట్లోంచి వస్తుంటే నా మొహం కాలిపోయింది.

"గ్రానైటుమీద పడితే?"

"ఏమీ కాదండి."

"మరి నా నిమ్మకాయలు దేనిమీద పిండావు?"

"సోడాలోనండి."

"దాంట్లో మాత్రం నురుగొచ్చుంటది," అన్నారు.

నేను నవ్వలేకపోయాను. నాన్నకి చెప్పమంటారా అని అడిగాను. మాస్టారు గడియారం చేతికి పెట్టుకుంటూ, "ఆ పరీక్ష నీది. అందులో నేను సంతకం పెట్టను," అని గట్టెక్కి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రమే నాన్నకి చెప్పాను. సోడాతో సహా. కొడతాడనుకున్నాను. నాన్న నన్ను కిందనుంచి పైదాకా చూసి, పలుగు తెచ్చి చేతిలో పెట్టాడు. "కొత్త పైపులొచ్చేదాకా కాలవ తవ్వు. బోరుకాణ్ణుంచి చివరిదాకా. నువ్వొక్కడివే." రేగడిలో పలుగు దిగడం ఎలాంటిదో తెలిసినవాళ్ళకి మిగతాది చెప్పక్కర్లేదు. మర్నాడు పొద్దున నాన్న మాస్టారింటికి వెళ్ళాడు. ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ ఎప్పుడూ చెప్పలేదు. ఆ ఏడు మాకు మొదటి కోత పోయింది, మిగతా చేను దక్కింది.

కొత్త పైపులు ఎలా వచ్చాయంటే, మాస్టారు ఓనరుగారి బల్లమీద ఆ బూడిదా ఆ గడియారమూ పెట్టి, "పైపులు మార్చిస్తారా, లేకపోతే ఈ గడియారం పెట్టుకుని ఊరూరా టైము చెప్పమంటారా?" అన్నారట. ఆ బ్యాచ్ కొన్నవాళ్ళందరికీ పైపులు మారాయి. మాస్టారికి మాత్రం, కళ్ళు సరిగా లేవు గనక విశ్రాంతి తీసుకోమని మర్యాదగా చెప్పారు. ఆ తప్పు ఎవరిదో ఫ్యాక్టరీలో ఆయన నోటెంట రాలేదు. నేనే వెళ్ళి చెప్పి మానేస్తానంటే కోప్పడ్డారు. "నువ్వూ నేనూ ఇద్దరం పోతే రేపు లారీ వచ్చినప్పుడు నిమ్మకాయ ఎవరు పిండుతారు?"

ఆయన మానేశాక ఒక శుక్రవారం గుంటూరులో వాళ్ళింటికి వెళ్ళాను. శుక్రవారం సంచి రహస్యం అప్పుడు తేలింది. డాబామీద ఒకపక్క అమ్మగారు ఎండబెట్టిన మిరపకాయలు. ఇంకోపక్క బారుగా కట్టిన తీగెలకి పైపుముక్కలు, వందలు, ఒక్కోదానిమీద తేదీ. ప్రతి బ్యాచ్ నుంచి ఒక ముక్క తెచ్చి ఎండకీ వానకీ వదిలేసేవారు, ఏ పొడితో చేసింది ఎన్నేళ్ళకి పెళుసెక్కుతుందో చూడ్డానికి. గాలి వీస్తే అన్నీ టకటకలాడేవి. ఏదో చేతబడి చేస్తున్నాడని పక్కింటివాళ్ళకి ఎప్పట్నుంచో అనుమానమట.

"గేటు దాటించి పట్టుకుపోతున్నారనుకున్నానండి," అన్నాను.

"ఎవరు చెప్పారు? నువ్వు చూశావా?" అన్నారు.

"చూశానండి."

"మరి అప్పుడే అడగాల్సింది. అనుమానం వస్తే అడగాల. అడక్కుండా కడుపులో పెట్టుకుంటే అది అనుమానం కాదు, అజీర్ణం."

ఆ తర్వాత ఆయన వసారా చిన్నపాటి ల్యాబయింది. పైపులు కొనేముందు రైతులు ఒక ముక్క తెచ్చి చూపించుకుని వెళ్ళేవాళ్ళు. మా నాన్నే చాలామందిని పంపించాడు. నేను వేరే ఫ్యాక్టరీకి మారి ఒంగోలు వచ్చేశాను. ఇక్కడ కూడా లారీ వస్తే జేబులోంచి నిమ్మకాయ తీస్తాను. కొత్తగా చేరినవాళ్ళు నన్ను విచిత్రంగా చూస్తారు. చేరిన రోజే వాళ్ళని కూచోబెట్టి, అది దేనికో చెప్పేస్తాను. ఐసు తీసిన చేత్తోనే రిజిస్టరు రాస్తాను. నా పేజీలిప్పుడు ముడతలు.

పోయారని ఫోన్ వచ్చిన ఆ రోజు నేను గుంటూరు చేరేసరికి జనాజా పాడె బయల్దేరుతోంది. కాసేపు భుజం పట్టాను. పిడికెడు మట్టి వేశాను. నల్లటి మట్టి, మెత్తగా ఉంది. అలవాటు చొప్పున వేళ్ళమధ్య నలిపి చూశాను, గరుకేమైనా ఉందేమోనని. ఆపరేటరు నా చెయ్యి చూసి తల తిప్పుకున్నాడు.

వాళ్ళింటికి తిరిగొచ్చాక డాబామీదికి వెళ్ళాను. తీగెల వెంట నడుచుకుంటూ ఆ మే నెల ముక్క వెతికి పట్టుకున్నాను. తెల్లగా పాలిపోయి ఉంది. ఊరికే వేలితో నొక్కితే చిటుక్కున విరిగింది. పక్కన వేలాడుతున్న పాతముక్క రెండు చేతుల్తో వంచినా విరగలేదు.

అమ్మగారు మెట్లెక్కి వచ్చారు. చేతిలో ఆయన గడియారం.

"అద్దం మార్పించుకోండని ఎన్నిసార్లు చెప్పానో. వినలేదు నాయనా. ఎవరైనా టైమడిగితే, 'పదయ్యుండొచ్చు' అనేవారు. ఏమీ కనపడని ఈ అద్దం దేనికండీ అంటే, 'నేను సంతకం పెట్టినదానికి ఇది రిజిస్టరు' అనేవారు. నీకిమ్మని నాతో రెండుసార్లు చెప్పారు."

ఎవరు చెప్పారని అడగలేదు. తీసుకున్నాను. వాలుతున్న ఎండకి తిప్పేసరికి గీతలన్నీ ఒక్కసారిగా మెరిశాయి. కింద ముళ్ళు ఎక్కడున్నాయో కనపడలేదు. చెవిదగ్గర పెట్టుకున్నాను. నడుస్తోంది. తీగెలమీద ముక్కలు టకటకలాడుతున్నాయి. ఆ చప్పుడు వాటిదేమోనని అనుమానమొచ్చి, గడియారాన్ని రెండో చెవిదగ్గర కూడా పెట్టుకుని విన్నాను.